సైకిల్ తాళం ఇప్పించండి, డాక్టర్ గారూ!

ప్రశ్న: నా వయసు 47. అకౌంట్స్ సెక్షన్‌లో ఉద్యోగం. షుగర్, బీపీ లేవు, సిగరెట్ అలవాటు లేదు. కొన్ని నెలలుగా ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్తున్నాను. రానూపోనూ ముప్పావు గంట పడుతుంది. పోయిన వారం మా బావమరిది వాట్సాప్‌లో ఒక పేపర్ కటింగ్ పంపాడు. ‘సైకిల్‌పై ఆఫీసుకా? గుండె జాగ్రత్త!’ అని హెడ్డింగ్. గుండెపోటు తెప్పించేవాటిలో ట్రాఫిక్‌దే మొదటి స్థానమట, కొకైన్ కూడా దాని తర్వాతేనట. అది చదివి మా ఆవిడ సైకిల్ తాళం దాచేసింది. అడిగితే ‘డాక్టర్ గారు రాస్తే ఇస్తా’ అంటోంది. మీరేమంటారు?

జవాబు: తాళం ఇచ్చేయమనే రాస్తున్నాను. అయితే ఆవిడను తప్పుపట్టను. ఆ హెడ్డింగ్ చదివితే ఎవరికైనా టెన్షన్ వస్తుంది.

కటింగ్‌లోని అంకెలు కల్పితం కావు. 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన అది. బెల్జియంకు చెందిన టిమ్ నావ్రోట్ బృందం, అంతకుముందు జరిగిన 36 అధ్యయనాలను కలిపి లెక్కకట్టింది. జనాభాలో వచ్చే మొత్తం గుండెపోట్లలో, వాటిని ఆ క్షణాన రేపిన కారణాల వాటా ఎంత అన్నది వాళ్ల ప్రశ్న. ట్రాఫిక్‌లో గడపడం 7.4 శాతం, ఒళ్లు అలిసే శ్రమ 6.2, మద్యం 5, కాఫీ 5, కొకైన్ 0.9 శాతం అని తేలింది.

ట్రాఫిక్ కొకైన్ కంటే ప్రమాదమని దీనికి అర్థం కాదు. అదే పరిశోధన ప్రకారం కొకైన్ తీసుకున్న మనిషికి గుండెపోటు వచ్చే అవకాశం సుమారు 24 రెట్లు పెరుగుతుంది. ట్రాఫిక్‌లో ఉన్నవాడికి దాదాపు 3 రెట్లు. మరి వాటా ఎందుకు తిరగబడింది? కొకైన్ తీసుకునేవాళ్లు ఎక్కడో కొద్దిమంది. ట్రాఫిక్‌లో మనమంతా ఉంటాం. చిన్న ప్రమాదమైనా కోట్లమందికి పంచితే మొత్తం పెద్దదే అవుతుంది. ఆ మొత్తం ప్రభుత్వాలకు పనికొచ్చే లెక్క, గాలిని ఎక్కడ శుభ్రం చేయాలో చెబుతుంది. మీ ఒక్కరి గుండె గురించి చెప్పదు.

ఆ ‘3 రెట్లు’ సంగతి కూడా చూద్దాం. లెక్క కోసం, మీలాంటివాళ్లు 200 మందిలో ఏడాదికి ఒకరికి గుండెపోటు వస్తుందనుకోండి. ఏడాదికి 8,760 గంటలు. అంటే ఏదో ఒక గంటలో మీకు వచ్చే అవకాశం పదిహేడున్నర లక్షల్లో ఒక వంతు. ట్రాఫిక్ దాన్ని మూడు రెట్లు చేస్తే పదిహేడున్నర లక్షల్లో మూడు వంతులు. ఈ అంకెతో హెడ్డింగ్ పెడితే పేపర్ ఎవరు కొంటారు?

ఇక సైకిల్. ట్రాఫిక్ గురించి ఇలాంటి మాటలకు ముఖ్య ఆధారం జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో జరిగిన అధ్యయనం, 2004లో ప్రచురించారు. గుండెపోటు వచ్చి బతికిన 691 మందిని, అంతకుముందు నాలుగు రోజులు ఏ గంటలో ఎక్కడున్నారో అడిగి రాసుకున్నారు. ట్రాఫిక్‌లో ఉన్న గంట తర్వాత గుండెపోటు ఎక్కువగా కనిపించింది. ఆ ట్రాఫిక్‌లో వాళ్లు ఎక్కువగా ఉన్నది కార్లలో! బస్సు, రైలు ప్రయాణాలకూ ఇదే సంబంధం కనిపించింది. పొగ వల్లా, మోత వల్లా, ఆలస్యమవుతోందన్న కంగారు వల్లా అన్నది ఆ అధ్యయనం విడదీయలేకపోయింది. సైకిల్ మానేసి కారెక్కినా మీరుండేది ఆ ట్రాఫిక్‌లోనే, కాళ్లకు పని మాత్రం పోతుంది.

ఇంకో మాట. రేపిన కారణం వేరు, జబ్బుకు కారణం వేరు. పండిన తాటికాయ మీద కాకి వాలితే కాయ రాలుతుంది, కానీ దాన్ని పండించింది కాకి కాదు. రక్తనాళాల్లో కొవ్వు ఏళ్ల తరబడి పేరుకోవడమే అసలు జబ్బు. దాన్ని ముదరనివ్వని పనుల్లో రోజూ ఒళ్లు కదపడం ఒకటి. 1993లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఇక్కడ చెప్పితీరాలి. ఒళ్లు వంచి కష్టపడిన గంటలోపు గుండెపోటు ముప్పు ఎంత పెరుగుతుందో చూశారు. వారానికి ఒక్కసారి కూడా వ్యాయామం చేయనివాళ్లలో 107 రెట్లు. వారానికి అయిదుసార్లో అంతకన్నా ఎక్కువో చేసేవాళ్లలో 2.4 రెట్లే. అలవాటున్న గుండె తట్టుకుంటుంది. నిజానికి నాకు భయం కలిగించేది రోజూ తొక్కే మీరు కాదు, ఏళ్ల తర్వాత ఒక ఆదివారం సైకిలెక్కి పందెం కట్టే మనిషి. (మీ బావమరిదికి ఆ ఉద్దేశం ఉంటే ముందు నన్ను కలవమనండి.)

పొగ సంగతి కొట్టిపారేయను. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు దీన్నే లెక్కవేశారు. గాలిలో సన్నటి ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములున్న చోట రోజుకు గంటన్నర దాటి సైకిల్ తొక్కితేనే లాభం కంటే నష్టం ఎక్కువవుతుంది. మీది ముప్పావు గంట. గాలి మరీ పాడైన రోజుల్లో మానండి, వీలుంటే లారీలు తిరగని సందుల్లోంచి వెళ్లండి. హెల్మెట్ మాత్రం తప్పనిసరి.

ప్రశ్న: నాకు 55. పదేళ్లుగా బీపీ. సైకిల్ మీద ఉద్యోగానికి వెళ్తే గుండె జబ్బు సగానికి సగం తగ్గుతుందని చదివి మొన్ననే సైకిల్ కొన్నాను. మాత్రలు మానేయొచ్చా?

జవాబు: వద్దు. మీరు చదివింది 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన. 2,63,450 మందిని అయిదేళ్లపాటు గమనించారు. సైకిల్‌పై పనికి వెళ్లేవాళ్లలో గుండె జబ్బులు 46 శాతం, వాటివల్ల మరణాలు 52 శాతం తక్కువ. బాగుంది. కానీ అంతమందిలో అయిదేళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో పోయింది 496 మంది. సగం తగ్గడం అన్నది ఆ కొద్దిపాటిలో సగం. పైగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లే సైకిలెక్కి ఉండొచ్చు. పరిశోధకులు వయసు, పొగతాగడం వంటివి లెక్కలోకి తీసుకున్నా, ఆ సందేహం పూర్తిగా పోదు.

సైకిల్ తొక్కండి, మాత్రలు వేసుకోండి. ముందు మీ డాక్టరుకు చూపించుకుని, మొదటి కొన్ని వారాలు పక్కవాడితో మాట్లాడగలిగే వేగంలోనే వెళ్లండి. బీపీ తగ్గితే మాత్ర తగ్గించే సంగతి ఆయన చూసుకుంటారు. దారిలో ఛాతీ పట్టేసినట్లున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా వెంటనే దిగి కూర్చుని అంబులెన్సుకు ఫోన్ చేయండి. ‘ఇంకో రెండు మలుపులే కదా, ఆఫీసుకెళ్లి చూద్దాం’ అనుకోవద్దు.