స్టీమ్‌లో గేమ్ పెడుతున్న మా చిట్టితల్లికి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

శుక్రవారం మీ అమ్మ ఫోన్ చేసి "నీ కూతురు ఉద్యోగం మానేస్తానంటోంది, నువ్వే చెప్పు దానికి" అంది. ఆ కంగారులో ఉండగానే మన ఫ్యామిలీ గ్రూపులో నీ మెసేజ్ వచ్చింది. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో నీ గేమ్ పేజీ లింకు, దాని కింద "అందరూ విష్‌లిస్ట్ చేయండి ప్లీజ్, మీకు తెలిసినవాళ్లకి కూడా పంపండి" అని. పెద్ద మామయ్య దగ్గర్నుంచి కరీంనగర్ వదిన దాకా వరసగా "చేశాం", "ఆల్ ది బెస్ట్ రా" అని పెట్టారు. మర్నాడు నువ్వు, కొనాలని ఉందని అలా గుర్తు పెట్టుకున్నవాళ్లు 61 మంది అయ్యారని స్క్రీన్‌షాట్ పెట్టావు. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు సంతోషం చెప్పనీ. ట్రైలర్ చాలాసార్లు చూశాను. చెరువు నీళ్లు పొలాలకి వదిలే నీరటి తాత భుజాన పార వేసుకుని చెరువు కట్ట మీద నడిచి రావడం, తూము ఎత్తగానే కాలువలో నీళ్లు ముందు కొంచెం తడబడి తర్వాత పరుగెత్తడం, మొదటి మడి మట్టి తడిసి రంగు మారడం. ఆ రంగు నువ్వు ఎక్కడ పట్టుకున్నావో నాకు తెలుసు. చిన్నప్పుడు తాతయ్యతో పొలానికి వెళ్లినప్పుడల్లా చెప్పులు చేత్తో పట్టుకుని ఆ తడి మట్టిలోనే నిలబడేదానివి. బాబాయి ట్రైలర్ చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడలేదంటే ఏమిటో నీకు తెలుసు కదా.

పనుల సంగతి తొందరగా చెప్పేస్తాను. నీకు ఇవన్నీ తెలిసే ఉంటాయి, అయినా చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. గేమ్‌కి 100 డాలర్ల ఫీజు, 1,000 డాలర్ల అమ్మకం దాటితే అది తిరిగొస్తుంది. ఫీజు కట్టాక 30 రోజులు ఆగాలి, "త్వరలో వస్తోంది" పేజీ కనీసం రెండు వారాలు ఉండాలి. నువ్వు నెలల ముందే పెట్టావు, మంచిది. అమ్మకంలో 30 శాతం స్టీమ్‌వాళ్లది. పాన్ కార్డులో, బ్యాంకు ఖాతాలో పేరు అక్షరం తేడా లేకుండా చూసుకో. అమెరికా పన్ను ఫారం తప్పుగా నింపితే ఎక్కువ కోత పడుతుంది, ఆడిటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నింపు. స్టీమ్‌వాళ్లు పెట్టే డెమోల పండగ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం, డెమో సిద్ధమయ్యేదాకా దాని జోలికి పోకు.

ఉద్యోగం ఇప్పుడే మానకు. నీకు స్టార్‌డ్యూ వ్యాలీ గేమ్ అంటే ప్రాణం కదా. అది చేసిన ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని చేశాడు, ఆ రోజుల్లో సియాటిల్‌లో ఒక థియేటర్‌లో సాయంత్రాలు జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే పని కూడా చేశాడు. అది కూడా, ఒకప్పుడు నేనూ బాబాయీ చేసిన గేమ్‌లాగే, స్టీమ్‌లో గ్రీన్‌లైట్ అనే ఓటింగ్ దాటి వచ్చిందే. ఓట్లు గెలిచినంత మాత్రాన అతను విడుదల చేసెయ్యలేదు. ఏళ్లు కూర్చుని చెక్కి 2016లో బయటికి తెచ్చాడు. మేము అలా చెయ్యలేదు.

గ్రీన్‌లైట్ అంటే నీకు లీలగా గుర్తుండొచ్చు, అప్పుడు నువ్వు ఆరో తరగతి. అంతకుముందు స్టీమ్‌లో ఏ గేమ్ అమ్మాలో దాన్ని నడిపే వాల్వ్ కంపెనీవాళ్లే చూసి ఎంచుకునేవాళ్లు. మనలాంటివాళ్లు మెయిల్ పెడితే జవాబు వస్తుందన్న నమ్మకం లేదు. 2012 ఆగస్టు 30న గ్రీన్‌లైట్ తెరిచి, ఎంపికలో ఆడేవాళ్ల మాట కూడా వింటామన్నారు. మనం పేజీలో బొమ్మలు, వీడియో పెడతాం, వాళ్లు చూసి ఓటేస్తారు. మొదటి రోజుల్లోనే చెత్త అంతా వచ్చి పడితే 100 డాలర్ల ఫీజు పెట్టారు, ఆ డబ్బు ఆసుపత్రుల్లో ఉన్న పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థకి వెళ్లేది. మొదటి విడతలో దాటినవి 10 గేమ్‌లే. ఏడాది తిరిగేసరికి, 2013 ఆగస్టులో, ఒకేసారి 100 గేమ్‌లకి తలుపు తీశారు. ఆ వార్త చూసే మేము కూకట్‌పల్లి గదిలో "ఇక మనం కూడా పెడదాం" అనుకున్నాం.

మా గేమ్‌లో పాత్రలన్నీ తోలుబొమ్మలు. నేను తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంట వెళ్లి మూడు రోజులు ఉండి గీసుకొచ్చాను. దీపం ముందు పెడితే తోలులోంచి ఎరుపు, ఆకుపచ్చ ఎలా వెలుగుతాయో, కర్ర కదిలిస్తే మోచెయ్యి ఎంత ఆలస్యంగా కదులుతుందో, అన్నీ. కోడింగ్ బాబాయిది, బొమ్మలు నావి. మా హీరో దూకే ముందు మోకాళ్లు వంచి, చేతి కర్రలు వెనక్కి లాక్కుని, ఒళ్లంతా విల్లులా వంగి అప్పుడు లేచేవాడు. ఆ వంగడానికి ఆరు బొమ్మలు. రెండు వారాలు పట్టింది. నా జీవితంలో అంత అందమైన బొమ్మలు మళ్లీ గీయలేదు.

ఫీజు కట్టడానికి మా డెబిట్ కార్డు పనిచెయ్యక ఒక స్నేహితుడి క్రెడిట్ కార్డు అడుక్కున్నాం. నవంబర్‌లో పేజీ పెట్టాం. ఇక మొదలైంది నా ఓట్ల పిచ్చి. కాలేజీ జూనియర్లకి, ఆఫీసువాళ్లకి, ఎప్పుడూ మాట్లాడని చుట్టాలకి కూడా ఫోన్లు. స్టీమ్ అంటే ఏమిటో తెలియని వాళ్ల చేత అకౌంట్లు తెరిపించాను. ఊరికి వెళ్లినప్పుడు తాతయ్య చేత కూడా. అప్పుడాయనకి 68 ఏళ్లు. ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి కళ్లజోడు ఇచ్చాను. పేజీలో ప్రశ్న ఇంగ్లిష్‌లో ఉంది, ఆయన కూడబలుక్కుని చదివారు: ఈ గేమ్ స్టీమ్‌లో దొరికితే కొంటారా? చదివి, వెనక్కి తిరిగి నన్నడిగారు.

"కొంటారా అని అడుగుతున్నాడమ్మా. నేను కొనను కదా. అవునని నొక్కొచ్చా?"

"ఫరవాలేదు నాన్నా, ఊరికే ఆశీర్వాదం అనుకోండి" అని మౌస్ మీద ఆయన చేతిని నేనే నొక్కాను.

చిట్టితల్లీ, ఆ ప్రశ్నని సరిగ్గా చదివింది మా అందరిలో ఆయన ఒక్కరే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

పేజీలో వీడియోతో పాటు చిన్న డెమో లింకు కూడా పెట్టాం. ఓటెయ్యడానికి డెమో ఆడక్కర్లేదు, కాబట్టి దాన్ని దించుకున్నవాళ్లు చాలా తక్కువ. వీడియో మాత్రం అందరూ చూశారు. "బొమ్మలు అద్భుతం" అని కామెంట్ల మీద కామెంట్లు. రోజూ రాత్రి అవును ఎన్ని, కాదు ఎన్ని అని లెక్క చూసుకుని పడుకునేదాన్ని. ఒక రాత్రి ఒక పెద్ద కామెంట్ కనిపించింది. ఎవరో, ఏ దేశమో తెలియదు, ఇంగ్లిష్ అంత బాగా రాదు. డెమో రెండుసార్లు ఆడాడట. ఆ కామెంట్ ఇప్పుడు నా దగ్గర లేదు, గుర్తున్నంతలో చెప్తాను. బొమ్మలు తనకి ఎంతో నచ్చాయి. కానీ తను బటన్ నొక్కుతాడు, హీరో ఆలోచిస్తాడు, తర్వాత దూకుతాడు. ఈలోపు గోతిలో పడిపోతున్నాడు. దూకడం బటన్‌తో పాటే జరగాలి, వంగడం తర్వాత చూపించుకోండి, లేకపోతే మూడో దశ ఎవరూ దాటరు అని రాశాడు. ఏ గోతి దగ్గర ఎన్నిసార్లు పడ్డాడో కూడా లెక్కేసి చెప్పాడు.

బాబాయిని లేపి చూపించాను. ఆయన డెమో తెరిచి నాలుగుసార్లు దూకి, "నిజమే. సెకనుకి 24 బొమ్మల లెక్కన ఆరు బొమ్మలంటే పావు సెకను. చేతికి తెలుస్తోంది" అన్నారు. మేము రోజూ ఆడీ ఆడీ పావు సెకను ముందే నొక్కడం అలవాటైపోయింది, మాకు తెలియలేదు. "ఆ ఆరూ తీసేస్తే సరిపోతుంది" అన్నారు.

ఆ ఆరూ తీసెయ్యడమా. నాకు ఒళ్లు మండిపోయింది. అవి లేకపోతే అది తోలుబొమ్మ ఎలా అవుతుందని గొడవపడ్డాను. ముందు ఓట్లు గెలుద్దాం, మిగతావి తర్వాత అన్నాను. ఆయన పడుకున్నాక మళ్లీ పేజీ తెరిచాను. ఆ కామెంట్ అందరికంటే పైన కనిపిస్తోంది. అది చదివి ఎవరైనా "కాదు" నొక్కుతారేమో అని టెన్షన్. పేజీ మాది, తీసేసే హక్కు మాది. తీసేశాను. ఒక్క క్లిక్కు. జవాబు కూడా ఇవ్వలేదు. అతను రెండు రోజులకి మళ్లీ వచ్చి, నా కామెంట్ పొరపాటున పోయిందా అని ఒక్క లైను అడిగాడు. అది కూడా తీసేశాను. మళ్లీ రాలేదు.

జూన్‌లో ఒక అర్ధరాత్రి మెయిల్ వచ్చింది, మా గేమ్ దాటిందని. మిఠాయిలు పంచాం. ఇల్లు అలకగానే పండగ అనుకున్నాం. ఓట్లేసిన వేల మందీ డబ్బు పట్టుకుని బయట నిలబడి ఉన్నారనుకుని, తాతయ్య దగ్గర రెండు లక్షలు తీసుకుని, హడావుడిగా దసరాకి విడుదల చేశాం. మొదటి వారం 83 కాపీలు పోయాయి. రివ్యూలు వచ్చాయి. "బొమ్మలు బాగున్నాయి, దూకడం రాదు." "మూడో దశలో మానేశాను." ఒక్కొక్కటీ చదువుతుంటే ఆ మనిషి రాసిందే వేరే వేరే వాళ్ల నోటితో వింటున్నట్టు ఉంది. పదో రోజుకి బాబాయి ఆ ఆరు బొమ్మలూ దూకిన తర్వాతకి మార్చారు, ఒక్క పూట పని. గేమ్ చేతికి ఎంత హాయిగా వచ్చిందో. కానీ అప్పటికి పేజీకి ఎవరూ రావడం లేదు. తాతయ్య ఆ రెండు లక్షల మాట ఎన్నడూ ఎత్తలేదు. తిరిగి ఇచ్చేలోపే వెళ్లిపోయారు.

ఓట్లు అడిగినందుకు నేను బాధపడను. మూడో దశలో గోతిలో పడీ పడీ, కోపం తెచ్చుకోకుండా కూర్చుని అంత ఓపికగా రాసిన మనిషిని గుమ్మంలోంచి గెంటేశానే, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆది నిష్ఠూరం మేలంటారు. మాకు ఆది నిష్ఠూరం నడిచి ఇంటికొచ్చింది, నేను తలుపేశాను.

2017 జూన్‌లో గ్రీన్‌లైట్ మూసేశారు. ఓటేస్తే గేమ్ ఉచితంగా ఇస్తామని బేరాలు పెట్టినవాళ్లు బోలెడు మంది తయారయ్యారు, ఓటుకి అర్థం లేకుండా పోయింది. ఇప్పుడు ఫీజు కడితే ఎవరైనా పెట్టుకోవచ్చు, ఓటు గండం లేదు. కానీ విష్‌లిస్ట్ నాకు ఆ పాత ఓటులాగే కనిపిస్తోంది. విడుదల రోజు విష్‌లిస్ట్ చేసినవాళ్లకి స్టీమ్ మెయిల్ పంపుతుంది, నిజమే, ఉపయోగమే. కానీ నీ 61 మందిలో కంప్యూటర్‌లో గేమ్ ఆడేవాళ్లు ఎవరమ్మా? పెద్ద మామయ్యా? వాళ్లందరికీ నువ్వంటే ప్రేమ. అది నీకు ఎలాగూ ఉంది, లెక్కపెట్టుకోవలసిన పని లేదు. రేపు విడుదలయ్యాక వాళ్లకి కీలు, అంటే గేమ్ ఉచితంగా తీసుకునే కోడ్‌లు, పంచి రివ్యూలు రాయించుకుందామని కూడా అనుకోకు. కీ తో వచ్చిన రివ్యూలని స్టీమ్ 2016 నుంచీ స్కోరులో కలపడం లేదు. పైగా గంటన్నర ఆడి నచ్చకపోతే ఎవరైనా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, రెండు గంటల లోపు, 14 రోజుల లోపు అయితే చాలు. మా రోజుల్లో అది లేదు.

ఇంత కటువుగా రాశానని ఏడవకు. నీ మీద కోపం కాదు. ఆ స్క్రీన్‌షాట్‌లో నాకు నేనే కనిపించాను, అంతే.

నీ డెమో నిన్న ఆడాను. మొదటి దశ ప్రాణం లేచొచ్చినట్టు ఉంది. రెండో దశలో తూము ఎత్తాక నీళ్లు చివరి మడికి చేరేదాకా నాకు ఏమీ పని లేదు. లెక్కపెట్టాను, 11 సెకన్లు. నీకు ఆ నీటి అల గీయడానికి ఎన్ని రాత్రులు పట్టిందో నాకు తెలుసు, అందుకే దాన్ని అంతసేపు చూపిస్తున్నావు. మొదటిసారి కళ్లప్పగించి చూశాను. మూడోసారి ఫోన్ తీశాను. నీరటి ఆ సమయంలో ఊరికే ఉండడు చిట్టీ. గట్టు తెగిన చోట మట్టి వేస్తాడు, పక్క మడికి గండి కొడతాడు. ఆ పని నా చేతికి ఇవ్వు. నీ పేజీ చర్చల్లో కూడా ఇదే రాశాను, నా పేరు లేకుండా. అక్కడ ఇంకో ఇద్దరు ఏదో రాసి ఉన్నారు, నువ్వు ఇంకా జవాబివ్వలేదు. ఈ రాత్రే ఇవ్వు.

రెండో శనివారం మేమిద్దరం హైదరాబాద్ వస్తున్నాం. పక్కింటి పిల్లాడు, పదకొండేళ్లవాడు, వాళ్ల అమ్మమ్మ ఇంటికి మాతోనే వస్తున్నాడు. వాడికి నువ్వెవరో తెలియదు, గేమ్ నీదని చెప్పను. వాడిని కూర్చోబెట్టి ఆడనిద్దాం. నువ్వు వెనక నిలబడి వాడి చేతులు చూడు, మొహం కాదు. "ఇక్కడ నొక్కరా" అని నోరు తెరిచావంటే బయటికి పంపేస్తాను. ఒక నోట్‌బుక్ పెట్టుకో. మీ అమ్మకి ఉద్యోగం సంగతి నేను వచ్చాక మాట్లాడతానని చెప్పు, పెసరట్లకి పెసలు మాత్రం ముందు రోజే నానబెట్టమను.

మీ పిన్ని