ఆధార్‌లో అందరి వేలిముద్రలూ ఉన్నాయి కదా, దొంగ ఎందుకు దొరకడు?

ఇంట్లో దొంగలు పడ్డారు, క్లూస్ టీమ్ వచ్చి బీరువా మీది వేలిముద్రలు తీసుకెళ్లింది, వాటిని ఆధార్‌లో వేసి చూస్తే సాయంత్రానికల్లా దొంగ పేరు తెలిసిపోవాలి కదా అని అడిగారు. ఆధార్‌లో వేసి చూడరు. చూడటానికి చట్టం ఒప్పుకోదు. 2016 ఆధార్ చట్టం సెక్షన్ 29 ప్రకారం వేలిముద్రలు, కనుపాప వివరాలు ఏ కారణం చెప్పినా ఎవరికీ ఇవ్వకూడదు. ఆ చట్టం రాకముందే గోవాలో ఒక కేసు కోసం సీబీఐ ఈ వివరాలు అడిగితే, 2014లో సుప్రీంకోర్టు అడ్డుకుంది. మనిషి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప బయటికి ఇవ్వొద్దంది. నన్నడిగితే అదే మంచిది. దొంగ దొరకడం కోసం ఊరందరినీ అనుమానితుల జాబితాలో పెట్టలేం.

ఇక పోలీసులు వెతికేది ఎక్కడంటే, ఇదివరకు అరెస్టయిన వాళ్ల రికార్డుల్లో. 2022లో మొదలైన నాఫిస్ అనే జాతీయ వేలిముద్రల వ్యవస్థలో రాష్ట్రాల రికార్డులన్నీ కలిపారు. మనవాడు కొత్త దొంగ అయితే ముద్ర ఎంత స్పష్టంగా ఉన్నా పేరు రాదు.

మల్కాజిగిరిలో మా మేనమామ వాళ్లింట్లో సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇలాగే జరిగింది. క్లూస్ టీమ్ వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. సినిమాల్లోలాగా ఇల్లంతా పౌడర్ చల్లుతారనుకున్నాం. వాళ్లు సగం సామాను వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పెచ్చులూడిన చెక్క తలుపు, సోఫా, బట్టలు వదిలేశారు. గరుకు వాటి మీద గీతలు నిలవవట. నేరుగా బీరువా దగ్గరికెళ్లి, ఒకాయన టార్చిని తలుపుకి ఏటవాలుగా పట్టుకుని, తల అటూ ఇటూ వంచి చూశాడు. పైకి ఏమీ లేదు. లాకర్ తలుపు లోపలివైపు మాత్రం మసకగా ఏదో మెరిసింది. బ్రష్ కొసకి కాస్త తెల్లపౌడర్ అంటించి, ఆనీ ఆనకుండా గుండ్రంగా తిప్పాడు. ముదురాకుపచ్చ పెయింటు మీద గీతలు ఒక్కొక్కటే తేలాయి. పక్కన చిన్న స్కేలు అంటించి ఫొటో తీశాక, పారదర్శకమైన టేపుతో దాన్ని ఎత్తి నల్ల కార్డు మీద పరిచాడు. మా మామయ్య సెల్‌ఫోన్‌లో ఫొటో తీయబోతే వద్దన్నారు.

ఆ గీతలు నిజానికి చెమటే. వేలి చివర గీతల మీద చెమట రంధ్రాలుంటాయి. ముఖం, జుట్టు తాకినప్పుడు నూనె కూడా అంటుకుంటుంది. నునుపైన లోహం, గాజు మీద ఆ తడికీ జిడ్డుకీ పౌడర్ పట్టుకుంటుంది. కాగితం మీదైతే పౌడర్ పెద్దగా పనిచేయదు. అక్కడ చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి ఊదారంగు తేల్చే నిన్‌హైడ్రిన్ వాడతారు. పాలిథిన్ కవరు లాంటివాటిని లాబ్‌లో ఒక పెట్టెలో పెట్టి, ఫెవిక్విక్ లాంటి జిగురు ఆవిరి పట్టిస్తారు. గీతలు తెల్లగా గట్టిపడతాయి.

తర్వాత ఇంట్లో వాళ్లందరి వేళ్లకీ సిరా పూశారు. మా అత్తయ్యకి కోపమొచ్చింది: "సొమ్ము పోయింది మాది, ముద్రలు వేయాల్సింది కూడా మేమేనా?" పనిమనిషి అయితే ఏడుపు మొహం పెట్టింది. ఇంటివాళ్ల ముద్రలు ముందు తీసేస్తేనే బయటివాడిది మిగులుతుందని ఆ టీమ్ ఆయన ఓపిగ్గా చెప్పాడు. అన్నట్టే, దొరికిన వాటిలో ఎక్కువ భాగం అత్తయ్యవే. ఇలా చోరీ జరిగిన చోట దొరికే ముద్రల్ని చాన్స్ ప్రింట్లు అంటారు. ఇంటివాళ్లవి తీసేశాక అందులో పనికొచ్చేది ఒకటే తేలింది, అదీ వేలి పైభాగం ముక్క.

ముక్కతో ఎలా పోలుస్తారంటే, లూప్ (వంపు తిరిగి వచ్చిన వైపుకే పోయే గీతలు), సుడి, విల్లు అన్న ఆకారం చూసి కాదు. లూప్ సగానికి పైగా వేళ్లలో ఉంటుంది. ఒక గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది, వాటి మధ్య దూరమెంత, దిక్కెటు అన్నవి చూస్తారు. ఇవి తల్లి కడుపులో మూడో నెల దాటి ఆరో నెల వచ్చేలోగా ఏర్పడిపోతాయి. కవలల్లో కూడా కలవవు. సిమెంటు పనితో వేళ్లు అరిగి రేషన్ షాపు మెషీన్ పట్టని మేస్త్రీలకి కూడా, కొన్నాళ్లు పని మానితే పాత గీతలే తిరిగొస్తాయి, చర్మం అడుగు పొర చెడనంత వరకూ.

కంప్యూటర్ ఇచ్చేది దగ్గరగా ఉన్న కొందరి జాబితా మాత్రమే. ఖాయం చేసేది మనిషి. మనిషి కూడా తప్పుతాడు. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్లలో దొరికిన ముద్ర అమెరికా లాయర్ బ్రాండన్ మేఫీల్డ్‌దే అని ఎఫ్‌బీఐ నిపుణులు చెప్పి ఆయన్ని నిర్బంధించారు. స్పెయిన్ పోలీసులు అది వేరొకడిదని తేల్చాక వదిలేశారు. అందుకే కోర్టులో కూడా దీన్ని నిపుణుడి అభిప్రాయంగానే చూస్తారు. పైగా బీరువా మీద ముద్ర ఉందంటే వాడు దాన్ని తాకాడని తెలుస్తుంది, ఎప్పుడు తాకాడో తెలియదు. మరమ్మతుకొచ్చిన వాడు కూడా తాకుతాడు కదా. లాకర్ లోపలి ముద్రకి విలువ అందుకే.

మా మామయ్య కేసులో మొదటి వెతుకులాటలో ఎవరూ తగల్లేదు. కానీ దొరకని ముద్రని పారేయరు, సిస్టమ్‌లోనే ఉంచుతారు. కొన్ని నెలలకి ఇంకో చోరీలో ఒకడు దొరికి, పది వేళ్లూ తీసి ఎక్కిస్తే, ఈ ముక్క వాడి కుడి మధ్యవేలికి కలిసింది. సొమ్ములో కొంతే వచ్చింది, అది వేరే కథ.

కాబట్టి మీరు స్టేషన్‌కి వెళ్లినప్పుడు "ఎంతవరకొచ్చింది" అని ఊరికే అడక్కండి. ఎఫ్‌ఐఆర్ నంబర్ చెప్పి, చాన్స్ ప్రింట్లు పోల్చడానికి పనికొచ్చేవేనా, ఇంటివాళ్లవి తీసేశారా, నాఫిస్‌లో వెతికారా, తగలకపోతే అందులో ఉంచారా అని అడగండి.