ఎదురు షాపులో రేటు తగ్గించారు, నేనూ తగ్గించాలా?

కాజీపేటలో పిండివంటల షాపు పెట్టి నాలుగు నెలలైంది, ఎదురుగా పెద్ద షాపు తెరిచి సకినాలు కిలోకు 40 రూపాయలు తక్కువకు ఇస్తున్నారు, నేనూ తగ్గించాలా అని అడిగావు కదా చెల్లె. వద్దు. తగ్గించి చేతులు కాల్చుకున్నదాన్ని కాబట్టే చెప్తున్నా.

హనుమకొండలో నాదీ చిన్న షాపే. మొదటి ఏడాది ఇలాగే పోటీ వస్తే టెన్షన్‌తో రాత్రికి రాత్రి బోర్డు మార్చి, 400 ఉన్న కిలో 360 చేశాను. బియ్యం, నువ్వులు, నూనె, గ్యాసు, సకినాలు చుట్టేవాళ్ల కూలి అన్నీ పోగా నాకు మిగిలేదే కిలోకు 80, అందులో 40 పోయింది. అంటే అదే డబ్బు ఇంటికి రావాలంటే రెండింతలు చుట్టాలి, రెండింతలు అమ్మాలి, అన్ని చేతులెక్కడివి? ఆ లోటు పూడ్చడానికి నూనె మార్చకుండా ఇంకో వాయి, ఇంకో వాయి అని తీశాను. ఎప్పుడూ వచ్చే పెద్దాయన ఒకరు సకినం విరిచి వాసన చూసి, ఏమీ అనకుండా పళ్లెంలో పెట్టేసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మా మహిళా సంఘంలో ఎవరైనా కొత్తగా షాపు పెడుతుంటే లెక్కలకంటే ముందు ఒక పని చెప్తాను. సాయంత్రం రెండు గంటలు పోటీ షాపు ఎదురుగా చాయ్ తాగుతూ నిలబడు, కొనేవాళ్లను వదిలేయ్, ఉత్త చేతులతో బయటికొచ్చేవాళ్లను చూడు. ఒకామె అలా చూస్తే, అక్కడ అర కిలో ప్యాకెట్లే తప్ప విడిగా తూచరని తెలిసింది. హాస్టల్ పిల్లలు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు 100 గ్రాములు అడిగి తిరిగి వస్తున్నారు. ఆమె చిన్న పొట్లాలు కట్టి గల్లా పక్కన పెట్టింది, అంతే, బేరం మొదలైంది.

నీ దగ్గర రైల్వే వాళ్లు ఎక్కువ, ప్రయాణాలకు ఏం కట్టించుకుంటారో అడుగు. అమెరికాలో పిల్లలకు పంపేవాళ్లకైతే సకినం విరగకుండా చేరాలి, 40 రూపాయలు వాళ్లకు లెక్కే కాదు. నేను డబ్బాలో ఒకదానిమీద ఒకటి పేర్చి సందుల్లో కాగితం కుక్కి ఇస్తాను, ప్యాకింగుకు వేరే డబ్బులు తీసుకుంటాను, ఇప్పటిదాకా ఒక్కరూ బేరమాడలేదు (గరిజలకు మాత్రం ఆడతారు, ఎందుకో!).

గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టుకోవడం ఉచితం, ఉద్యం రిజిస్ట్రేషనూ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే నమోదు) ఉచితమే, డబ్బులిస్తే చేయిస్తామని ఫోన్ వస్తే కట్ చేసెయ్. ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చిన నంబరు, తయారైన తేదీ తప్పకుండా వేయి.

నీకు చాయ్ కొట్టు దాకా కూడా పోయే పనిలేదు, నీ గల్లా దగ్గర నుంచే ఎదురు షాపు కనిపిస్తుంది. రేపు సాయంత్రం చూసి ఎవరెవరు ఖాళీగా తిరిగొచ్చారో ఇక్కడే రాయి.