ఎంత తిన్నా ఒకటే ధర: స్నేహితులతో సుషీకి వెళ్లేటప్పుడు

ప్రశ్న: మేము అయిదుగురం టొరంటో నగరంలోని స్కార్‌బరోలో చదువుకుంటున్నాం. పరీక్షలు ముగిసిన రోజున, మనిషికి ఇంతని కడితే ఎంతైనా తినవచ్చనే ఒక సుషీ రెస్టారెంట్‌కు వెళ్లాం. పెట్టిన డబ్బు రాబట్టుకోవాలన్న పట్టుదలతో కూర్చోగానే పదహారు రోల్స్ (సముద్రపు నాచు రేకులో అన్నం చుట్టి ముక్కలు కోసినవి), నలభై నిగిరి ముక్కలు (చిన్న అన్నం ముద్ద మీద చేప పెట్టినవి) ఆర్డర్ చేశాం. సగం తినేసరికి ఇక ముద్ద దిగలేదు. వదిలేసిన ముక్కలకు విడిగా డబ్బు తీసుకుంటామని మెనూలో రాసి ఉంది. అందుకని ఒక మిత్రుడు పైనున్న చేప మాత్రం తిని, అన్నం ముద్దలను పేపర్ నాప్‌కిన్లలో చుట్టి టీ కప్పుల వెనక దాచాడు. బల్ల తుడవడానికి వచ్చిన అమ్మాయి వాటిని విప్పి చూసి, మారు మాట్లాడకుండా బిల్లులో ఎనిమిది ముక్కలకు డబ్బు కలిపింది. మాలో ఒకమ్మాయి శాకాహారి. ఆమె దోసకాయ రోల్స్ మాత్రమే తిని మాతో సమానంగా డబ్బు ఇచ్చింది. వచ్చే నెల మళ్లీ వెళ్దామంటున్నారు. ఈసారి ఎలా వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, టొరంటో

జవాబు: మీ చిక్కంతా ఆ మొదటి ఆర్డర్‌లోనే ఉంది. సుషీ అనగానే మనకు పచ్చి చేప గుర్తొస్తుంది గానీ, నిజానికి దానికి ఆధారం అన్నం. అన్నం లేకుండా చేప ముక్కలు మాత్రమే వడ్డిస్తే దాన్ని సాషిమి అంటారు, సుషీ అనరు. ఆ అన్నం మన సోనా మసూరిలా పలుకు పలుకుగా విడిపోయేది కాదు. పొట్టి గింజ బియ్యాన్ని జిగురుగా వండి, వేడి మీదనే వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపి పట్టిస్తారు. పులుపు, తీపి కలిసి ఉండడం వల్ల నోటికి తేలికగా అనిపిస్తుంది గానీ కడుపులో బరువుగానే కూర్చుంటుంది. ఒక్కో రోల్‌లో సుమారు నూరు గ్రాముల అన్నం, ఒక్కో నిగిరిలో 20 గ్రాముల అన్నం ఉంటుందనుకుంటే, మీ బల్ల మీదికి ఒక్కసారే దాదాపు రెండు కిలోల నాలుగు వందల గ్రాముల అన్నం వచ్చింది. మీ శాకాహారి స్నేహితురాలిని మినహాయిస్తే మిగిలిన నలుగురికీ తలా ఆరు వందల గ్రాములు. ఇంట్లో ఎంత ఆకలి మీద ఉన్నా అంత అన్నం ఎవరూ పెట్టించుకోరు.

కాబట్టి ఈసారి తక్కువ తక్కువగా, ఎక్కువ సార్లు ఆర్డర్ చేయండి. ఇలాంటి చోట్ల సాధారణంగా గంటన్నర నుంచి రెండు గంటల సమయం ఇస్తారు కనుక తొందరేమీ లేదు. తొలి విడతలో మనిషికి రెండు మూడు నిగిరి ముక్కలు, అందరికీ కలిపి కొంత సాషిమి చాలు. సాషిమికి కొన్నిచోట్ల పరిమితి ఉంటుంది, ముందే అడిగి తెలుసుకోండి. కడుపు నిండిన సంగతి మనకు తెలియడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుందంటారు కనుక, రెండో విడతకు ముందు ఆ మాత్రం విరామం ఇచ్చి కబుర్లు చెప్పుకోండి. టెంపురా (పిండిలో ముంచి నూనెలో వేయించినవి), వేపుడు నూడుల్స్ లాంటివి చివరికి ఉంచుకోండి, మనసైతేనే తెప్పించుకోండి.

తినే తీరు గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే లెక్క మీద ధ్యాస పెట్టినవారు రుచిని పట్టించుకోరు. తెల్ల చేపలాంటి తేలిక రుచులతో మొదలుపెట్టి, సాల్మన్ వంటి కొవ్వున్న చేపల మీదుగా, తియ్యని సాస్ పూసి కాల్చిన ఈల్ చేపను ఆఖరున తినడం మంచి క్రమం. నిగిరిని చేత్తో తినడం తప్పు కాదు, జపాన్‌లోనూ తింటారు. రెండు వేళ్లతో పట్టి, కొంచెం పక్కకు వంచి, చేప వైపును మాత్రమే సోయా సాస్‌కు తాకించండి. అన్నం వైపు ముంచితే అది సాస్‌ను పీల్చుకుని గిన్నెలోనే విడిపోతుంది, పైగా ఉప్పదనం తప్ప మరేమీ తెలియదు. పక్కన పెట్టే అల్లం ఊరగాయను ఒక చేపకూ మరో చేపకూ మధ్య ఒక్క రేకు నమిలితే నోరు శుభ్రపడి తరువాతి రుచి విడిగా తెలుస్తుంది.

ఇక నాప్‌కిన్ల సంగతి. మీ మిత్రుడిది దురుద్దేశం కాదని నమ్ముతాను, కానీ చేసిన పని బాగాలేదు. ఒకే ధరకు ఎంతైనా పెట్టేవారికి వృథాను ఆపడానికి ఆ నిబంధన తప్ప వేరే ఆసరా లేదు. విస్తరిలో అన్నం వదిలితే పెద్దలు ఊరుకోని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, ఆ నిబంధన మనకు కొత్తగా అనిపించకూడదు. తినలేకపోతే ఆ అమ్మాయిని పిలిచి ఆ మాటే చెప్పండి, డబ్బు కట్టండి. మళ్లీ అక్కడికే వెళ్లేటట్లయితే ఆమెకు ఒక క్షమాపణ చెప్పమని మీ మిత్రుడిని అడగండి.

మీ శాకాహారి స్నేహితురాలి విషయమే నన్ను ఎక్కువగా బాధపెట్టింది. చాలాచోట్ల బల్ల దగ్గర కూర్చున్న అందరూ ఒకే పద్ధతిలో తినాలన్న నియమం ఉంటుంది కనుక ఆమె పూర్తి ధర తప్పించుకోలేకపోయి ఉంటుంది. ఆ భారం మీరు కొంత తగ్గించవచ్చు. మనిషికి 35 డాలర్లు అనుకుందాం. అయిదుగురికీ 175. మీ ఒంటారియో రాష్ట్రంలో 13 శాతం పన్ను 22.75, టిప్ 15 శాతం ఇస్తే 26.25, రెండూ కలిపి 49 డాలర్లు. ఆ 49ని అయిదుగురికి బదులు మీరు నలుగురే పంచుకుంటే, ఆమెకు 9.80 తగ్గుతుంది, మీకు తలా 2.45 మాత్రమే పెరుగుతుంది. సాధారణంగా రాత్రి కంటే మధ్యాహ్నం ధర తక్కువగా ఉంటుంది కనుక, ఆ వేళకు వెళితే అందరికీ కలిసొస్తుంది. దోసకాయతో పాటు అవకాడో, చిలగడదుంప టెంపురా రోల్స్ కూడా ఉంటాయని ఆమెకు చెప్పండి. అయితే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూప్‌లోనూ, ఇనారి అనే తీపి టోఫు (సోయా పనీర్) సంచులను ఉడికించే రసంలోనూ సాధారణంగా ఎండు బొనిటో చేపతో కాచిన దాషి అనే చారు ఉంటుంది. టెంపురా పిండిలో గుడ్డు కలిపారా, రొయ్యలు వేయించిన నూనెలోనే కూరగాయలనూ వేయిస్తున్నారా అని అడగాలి. ఈ ప్రశ్నలు ఆమె చేతే అడిగించకుండా, ఆర్డర్ ఇచ్చేటప్పుడు మీరే అడగండి.

ఇదంతా వద్దనుకుంటే, కదిలే బెల్టు మీద పళ్లేలు ముందు నుంచి సాగిపోతుంటే నచ్చినది తీసుకుని, పళ్లెం లెక్కన డబ్బు కట్టే బెల్టు సుషీ ఒకటుంది. యోషియాకి షిరాయిషి అనే ఆయన, బీరు సీసాలు బెల్టు మీద కదిలే తీరు చూసి, 1958లో ఒసాకా ప్రాంతంలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఎవరు తిన్నదానికి వారే కడతారు కనుక మీ అయిదుగురికీ అదే బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

ప్రశ్న: కెనడాలో ఉన్న మా అబ్బాయి వారం వారం స్నేహితులతో పచ్చి చేప తింటున్నాడు. పురుగులు పట్టవా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: మీ భయానికి ఆధారం ఉందమ్మా. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పురుగు ఉంటుంది. ఆ భయం వల్లనే జపాన్‌లో పసిఫిక్ సాల్మన్‌ను పచ్చిగా తినేవారు కాదు. 1980లలో నార్వే తన పెంపకపు సాల్మన్‌ను అక్కడ ప్రచారం చేసిన తరువాతే అది సుషీలోకి వచ్చింది. అమెరికా ఆహార భద్రతా నియమాల ప్రకారం పచ్చిగా వడ్డించే చాలా రకాల చేపలను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 7 రోజులు, లేదా అంతకంటే ఎక్కువ చలిలో తక్కువ కాలం గడ్డకట్టించి ఉంచాలి. ఆ చలికి పురుగులు చస్తాయి గానీ సూక్ష్మక్రిములన్నీ చావవు కనుక, శుభ్రంగా, రద్దీగా ఉండే చోటనే తినమనండి. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి చేప మానుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న మీ అబ్బాయి మంచి చోట తింటే బెంగ పడనక్కరలేదు. బజారులో కూరకు కొన్న చేపను గదికి తెచ్చుకుని తానే సుషీ చేస్తానంటే మాత్రం గట్టిగా వద్దని చెప్పండి.