ఉబ్బిన ఫోను, కాలే తీగలు

ప్రశ్న: బల్ల సొరుగులో మూడు పాత ఫోన్లున్నాయి. ఒకదాని వెనక మూత పైకి లేచింది. మూడూ చెత్తలో వేసేయవచ్చా?

జవాబు: వద్దు. చెత్తబండిలో అన్నిటినీ కలిపి నొక్కుతారు. బ్యాటరీ లోపలి పల్చటి పొర చిరిగితే షార్ట్ అయి మంట లేస్తుంది. ముందు మూత లేచినదాని సంగతి చూడండి. లోపల రసాయనం చెడి వాయువు పుట్టడం వల్ల అలా ఉబ్బుతుంది. ఛార్జింగు పెట్టకండి, మూత నొక్కి సరిచేయబోకండి. గాలి తీసేద్దామని సూదితో పొడవడం అన్నిటికన్నా ప్రమాదం. ఫోను ఆఫ్ చేసి, ఇనప డబ్బాలో పొడి ఇసుక పోసి అందులో ఉంచండి. డబ్బా మూత బిగించొద్దు, లోపల వాయువు చేరితే డబ్బానే పేలవచ్చు. ఈ-వ్యర్థాల (పాత ఎలక్ట్రానిక్ సామాన్ల) సేకరణ కేంద్రంవాళ్లకు ముందే చెప్పి చేతికివ్వండి. పార్సిల్ చేయకండి.

మిగతా రెంటికీ తొందర లేదు గానీ వరస తప్పకూడదు. కావలసినవి కాపీ చేసుకుని, గూగుల్ లేదా యాపిల్ ఖాతా తొలగించి, ఆ తరవాతే ఫోనులోని సమాచారమంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్. ఖాతా ఉండిపోతే ఫోను మీ పాస్‌వర్డే అడుగుతుంది, ఇక బాగున్న ఫోను కూడా తుక్కుకిందే లెక్క. సిమ్, మెమరీ కార్డు తీయడం మరవకండి. ఫోను వల్ల వెలువడే కర్బనంలో ఎక్కువ పాలు తయారీలోదే. అందుకే పనిచేసేదాన్ని ఇంకొకరు వాడుకోవడం రీసైక్లింగ్ కన్నా మేలు.

ప్రశ్న: పాత సామాన్లవాళ్లు రాగి, బంగారం తీస్తారుగా, అదీ రీసైక్లింగే కదా? అయినా కంపెనీల పని మా నెత్తిన ఎందుకు?

జవాబు: తేడా తీసే తీరులో ఉంది. తీగల పైతొడుగైన పీవీసీ ప్లాస్టిక్‌లో క్లోరిన్ ఉంటుంది. ఆరుబయట కాలిస్తే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి, లోపలి రాగే ఆ చర్యను వేగపరిచే ఉత్ప్రేరకం. బంగారం కోసం బోర్డుల్ని ఆమ్లంలో కరిగిస్తే, మిగిలిన విషపు నీళ్లు కాలవలోకి పోతాయి. పెద్ద ట్యూబు టీవీ గాజులో కిలోకు మించి సీసం ఉంటుంది. రాగి చుట్ట లాక్కుని గాజు పారేస్తారు.

కంపెనీల మాట నిజమే. తయారుచేసినవాడే చివరి ఖర్చూ భరిస్తే సులువుగా విడదీసేలా తయారుచేస్తాడని, 1990లో స్వీడన్‌లో థామస్ లిండ్‌క్విస్ట్ అనే పరిశోధకుడు ప్రతిపాదించారు. బ్యాటరీని జిగురుతో అతికించిన ఫోన్లు చూస్తే అది ఎంతవరకు ఫలించిందో తెలుస్తూనే ఉంది! 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగైతే, పద్ధతిగా రీసైకిల్ అయినట్టు లెక్కకొచ్చింది 22.3 శాతమే. ఖర్చు వాళ్లది, సొరుగు తాళం మీది. విడగొట్టకుండా మొత్తం వస్తువే ఇవ్వండి, రశీదు తీసుకోండి, బోర్డులు ఏ కర్మాగారానికి పోతాయో అడగండి. చెప్పలేకపోతే మరో చోటు చూసుకోండి.