హ్యూమన్ లీగ్ సంగీతం ‘డేర్’ ఆల్బమ్‌తో ఎందుకంత మారిపోయింది?

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరపు బ్యాండ్ హ్యూమన్ లీగ్ మొదటి రెండు ఆల్బమ్‌లు అంత గంభీరంగా ఉంటే, 1981లో వచ్చిన ‘డేర్’ ఇట్టే నోటికొచ్చేస్తోంది, ఎలా అని హనుమకొండ నుంచి అడిగారు.

ముందు మనుషులు మారారు. 1980లో మార్టిన్ వేర్, ఇయాన్ క్రెయిగ్ మార్ష్ విడిపోయి హెవెన్ 17 అనే వేరే బ్యాండ్ పెట్టుకున్నారు. మిగిలిన గాయకుడు ఫిల్ ఓకీ, షెఫీల్డ్ నైట్‌క్లబ్‌లో డాన్స్ చేస్తున్న ఇద్దరు టీనేజ్ అమ్మాయిలు జోయాన్, సూసన్‌లను బ్యాండ్‌లోకి తీసుకున్నాడు. వాళ్లు పేరున్న గాయనులేం కాదు. నన్నడిగితే అదే కలిసొచ్చింది. వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ నాడు ఒకరు ఎత్తుకుంటే పక్కవాళ్లు వెంటనే అందుకుంటారు కదా, ఆ గొంతుల్లో ఆ చనువుంది.

ప్రొడ్యూసర్ మార్టిన్ రషెంట్ డ్రమ్ మెషిన్‌తో తాళాన్ని బిగించాడు. సింథసైజర్లను, అంటే ఎలక్ట్రానిక్‌గా ధ్వనులు పుట్టించే కీబోర్డులను, మాత్రం వదల్లేదు. బ్యాండ్‌లో కొత్తగా చేరిన గిటారిస్ట్ జో కాలిస్ కూడా అవే నేర్చుకోవాల్సి వచ్చింది. అసలు మార్పంతా పాట కట్టడంలోనే ఉంది. ‘డోంట్ యూ వాంట్ మీ’ వినండి: మొదటి చరణంలో అతని ఆరోపణ, రెండో చరణంలో ఆమె జవాబు. కథ చటుక్కున అర్థమవుతుంది. ఓకీకి ఆ పాట నచ్చలేదు, ఆల్బమ్ చివర్లో పెట్టాడు. అదే బ్రిటన్‌లో, 1982లో అమెరికాలో నంబర్ వన్ అయింది.