సైకిల్ యాత్ర సరే, ఆ నొప్పి గోలీలు ఎవరు వేసుకోమన్నారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 47 ఏళ్లు. మాది హనుమకొండ. తలసీమియా పిల్లల చికిత్సకు విరాళాలు పోగు చేయాలని మా మిత్రులం ఫిబ్రవరిలో నాలుగు రోజుల సైకిల్ యాత్ర పెట్టుకున్నాం. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ దాకా. మా అబ్బాయి గేరు సైకిల్ మీద ఆదివారాలు 30 కిలోమీటర్ల దాకా తొక్కుతున్నా. మోకాళ్లు ముందువైపు నొస్తున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన ఎసెక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన గోలీ ముందే ఒకటి వేసుకుంటే హాయిగా ఉంటోంది. యాత్రకు ఒక స్ట్రిప్ సరిపోతుందా? ప్రొటీన్ పౌడర్ ఏది మంచిది? బీపీకి టెల్మిసార్టాన్-హెచ్ వాడుతున్నా, కంట్రోల్‌లోనే ఉంది.

జవాబు: ప్రొటీన్ పౌడర్ సంగతి తర్వాత చూద్దాం. బీపీ గోలీ గురించి చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు టెన్షన్ పెట్టింది అదే.

మీ బీపీ గోలీలో రెండు మందులున్నాయి. ఒకటి హైడ్రోక్లోరోథయాజైడ్. ఉప్పును, నీటిని మూత్రంలో బయటికి పంపుతుంది. రెండోది టెల్మిసార్టాన్. కిడ్నీలో వడపోత జరిగే చోటు నుంచి రక్తం బయటికి పోయే సన్నని నాళాన్ని ఇది వదులు చేస్తుంది. ఎసెక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మందులేమో రక్తం లోపలికి వచ్చే నాళాన్ని బిగిస్తాయి. వచ్చేది తగ్గింది, పోయే దారి వదులైంది, పైగా చెమటతో ఒంట్లో నీరే తగ్గింది. ఇక వడపోతకు ఒత్తిడి ఎక్కడిది? మామూలు రోజున ఒక్క గోలీకి మంచి కిడ్నీ ఎలాగో సర్దుకుంటుంది. రోజుకు 70, 80 కిలోమీటర్ల చొప్పున నాలుగు రోజులు తొక్కుతూ, దానికి తోడు ఈ గోలీలు వేస్తుంటే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం ఉంది. అందరికీ అలా అవుతుందని కాదు, కానీ అయ్యేవాళ్లలో మీరు ఉండరని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇవే నొప్పి మందులు బీపీని కూడా పెంచుతాయి.

షాపతను మీ బీపీ గురించి అడిగి ఉండడు, మీరూ చెప్పి ఉండరు. ఓపీలో ఇది రోజూ ఉండే తంతే. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అంటే "ఏం లేవు సార్" అంటారు. గట్టిగా అడిగితే పర్సులోంచి నాలుగు గోలీల ముక్క బయటికి వస్తుంది. స్ట్రిప్‌ను కత్తెరతో కోసి ఇచ్చారు కాబట్టి దాని మీద మందు పేరూ ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ కూడా ఉండదు. చదువుకున్నవాళ్లు, మీరు కూడా ఇలా చేస్తే ఎలా?

ఇది చదివి బీపీ గోలీ మాత్రం మీకు మీరే ఆపకండి. ఈ వారమే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి యాత్ర సంగతి, నొప్పి గోలీల సంగతి రెండూ చెప్పండి. కిడ్నీ పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మూత్ర పరీక్ష, ఈసీజీ చేయించాలి. మీ వయసుకు, బీపీకి ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా అవసరమని ఆయన అనవచ్చు. ఆ నాలుగు రోజులు గోలీ మార్చాలా వద్దా అన్నదీ ఆయనే చూసి చెప్పాలి. నొప్పికి ఉత్త పారాసిటమాల్, అదీ ఆయన చెప్పిన డోసులో, కొంత మేలు.

మోకాలి నొప్పికి కారణం మీ ప్రశ్నలోనే కనిపిస్తోంది. అబ్బాయి సైకిల్ అన్నారు. సీటు మీకు తక్కువ ఎత్తులో ఉండి ఉంటుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, పెడల్‌ను పూర్తిగా కిందికి తిప్పి దాని మీద మడమ ఆనించండి. అప్పుడు కాలు తిన్నగా రావాలి. మోకాలు వంగే ఉంటే సీటు కొంచెం కొంచెంగా పైకి జరపండి. బరువైన గేరులో తొక్కకుండా తేలిక గేరులో త్వరత్వరగా తిప్పండి. మోకాలు వాచినా, ఇన్ని చేసినా నొప్పి తగ్గకపోయినా ఎముకల డాక్టర్‌కు చూపించాలి. ఆదివారం ఒక్కరోజు 30 కిలోమీటర్లు ఈ యాత్రకు చాలవు. దూరం వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ, శని, ఆదివారాలు వరుసగా తొక్కి చూసుకోండి.

ఫిబ్రవరిలో పొద్దున ఆదిలాబాద్ వైపు చలిగా ఉంటుంది, దాహం తెలియదు. చెమట గాలికి ఆరిపోతుంది కాబట్టి ఎంత పోయిందో కూడా తెలియదు. గుటక గుటకగా తాగుతూనే ఉండండి. అలాగని లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లు తాగితే సోడియం పడిపోవచ్చు. ఓఆర్ఎస్ అయితే లీటరు నీటికి పెద్ద ప్యాకెట్ మొత్తం కలపాలి, సగం సగం వద్దు. అందులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని పెంచుతుంది. అందుకే ఎంత తాగాలో ముందే అడిగి పెట్టుకోండి. ఓఆర్ఎస్‌కు ఉండాల్సిన ఫార్ములా లేని తీపి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. కొనేముందు వెనకవైపు చదవండి.

ప్రొటీన్ పౌడర్ అక్కర్లేదు. గుడ్లు, పప్పు, పల్లీలు, అరటిపండ్లు చాలు. నిర్మల్ దాటాక జొన్నరొట్టె దొరికితే ఇంకా మంచిది.

మహబూబ్ ఘాట్ లాంటి ఎక్కుడు దగ్గర ఛాతీ బరువెక్కినా, నొప్పి దవడకో చేతికో పాకినా గ్యాస్ అనుకుని సోడా తాగకండి. సైకిల్ దిగి 108కి ఫోన్ చేయండి. మూత్రం బాగా తగ్గినా, డికాక్షన్ రంగులో వచ్చినా, వాంతులు ఆగకపోయినా యాత్ర అక్కడికి ఆపేసి దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి. వేసుకున్న గోలీలన్నీ చెప్పండి.

మీ బృందంలో షుగర్‌కు గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు ఉంటే వాళ్లకు ఈ జవాబు చాలదు. తొక్కే రోజుల్లో డోసు మార్చాల్సి రావచ్చు, విడిగా చూపించుకోమనండి.